అమ్మానాన్నల్ని చదువు టూర్లకి పంపొచ్చా? పంపొచ్చు, షెడ్యూల్ చదివాక

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. నాన్నగారికి 71, అమ్మగారికి 66. నాన్నగారు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. తీర్థయాత్రల బస్సుల్లో రెండుసార్లు వెళ్లొచ్చి, క్యూలో నిలబడడం తప్ప చూసిందేమీ లేదని విసుక్కున్నారు. ఎవరైనా దగ్గరుండి చరిత్ర, శిల్పం, ఊరి సంగతులు విడమరిచి చెప్పే గ్రూప్ టూర్లు ఈ వయసువాళ్లకి పనికొస్తాయా, ఒళ్లు తట్టుకుంటుందా, ఏది మంచిదో ఎలా తెలుస్తుంది అని అడిగారు. న్యూజెర్సీలో ఉన్న మీ చెల్లెలు, పెద్దవాళ్లకి చదువు టూర్లు వేసే అక్కడి రోడ్ స్కాలర్ అనే సంస్థ గురించి చెప్పిందని కూడా రాశారు.

సూటిగా చెప్తాను. పంపండి. 71 ఏళ్లు అడ్డంకి కానే కాదు. కాకపోతే టూర్ పేరు, హోటల్ ఫొటోలు చూసి డబ్బు కట్టకండి. రోజువారీ షెడ్యూల్ తెప్పించుకుని అందులో రెండు విషయాలు చూడండి. రోజుకి ఒకే ఒక్క పెద్ద చోటు ఉండాలి, మహా అయితే దారిలో ఇంకో చిన్నది. చెప్పే మనిషి మొదటి రోజు నుంచి చివరి రోజుదాకా వాళ్లతోపాటే బస్సులో ఉండాలి. ఈ రెండూ ఉంటే మిగతా లోట్లు సర్దుకోవచ్చు. ఇవి లేకపోతే దానికి హెరిటేజ్ అని పేరు పెట్టినా, స్టడీ టూర్ అని పెట్టినా అది మామూలు ప్యాకేజీయే.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ని. రిటైరయ్యాక పెన్షనర్ల సంఘాలకీ వాకర్స్ క్లబ్బులకీ ఇలాంటి ప్రయాణాలు వేసి, నేనే వెంట వెళ్తున్నాను. ఏ కంపెనీ తరఫునా రాయడం లేదు.

ఒక్క చోటే ఎందుకంటున్నానో రామప్ప గుడి లెక్కతో చెప్తాను. హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి తిరిగొచ్చే ప్యాకేజీలు చూడండి. వేయిస్తంభాల గుడి, భద్రకాళి, వరంగల్ కోట, రామప్ప, కుదిరితే లక్నవరం. అన్నీ ఒకే రోజులో. రామప్ప గుడి ఉన్న పాలంపేట హైదరాబాద్‌కి 200 కిలోమీటర్ల పైమాటే. అంటే సగం రోజు బస్సు సీట్లోనే పోతుంది. గుడి దగ్గర ముప్పావు గంట ఇస్తారు. అందులో బస్సు దిగడానికి పది నిమిషాలు, బాత్రూమ్‌కి పది, చెప్పులు విప్పి లోపలికి నడవడానికి పది. దేవుడికి దణ్ణం పెట్టుకుని, గ్రూప్ ఫొటో దిగేసరికి డ్రైవర్ హారన్ కొడుతుంటాడు. ముప్పై ఏళ్ల కుర్రాడైతే ఆ కాస్త టైమ్‌లోనే ఉరుకులు పరుగులు పెట్టి ఏదో చూస్తాడు. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఏం చూస్తారు?

మేమెలా చేస్తామంటే, ముందురోజు మధ్యాహ్నానికి రైల్లో వరంగల్ చేరి హనుమకొండలో బస. ఆ సాయంత్రం వేయిస్తంభాల గుడి ఒక్కటే. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించింది, ఊళ్లోనే ఉంది, నడక తక్కువ. మర్నాడు పొద్దున్నే టిఫిన్ చేసి రామప్పకి. ఎండ ముదరకముందే అక్కడుంటాం. వెంటనే గర్భగుడిలోకి తీసుకెళ్లను. ముందు శాసనం దగ్గర నిలబడి, ఆ గుడిని 1213లో కట్టించిన రేచర్ల రుద్రుడు ఎవరు, గణపతిదేవుడి సేనాపతికి ఇంత గుడి కట్టించే స్తోమత ఎక్కడిది అన్నది మాట్లాడుకుంటాం. తర్వాత నక్షత్రం ఆకారంలో ఉన్న ఎత్తైన అరుగు చుట్టూ ఒక్క ప్రదక్షిణ, నెమ్మదిగా. చూరు కింద ఏటవాలుగా నిలబడిన నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) దగ్గర ఒక్కొక్కరూ తమకి నచ్చిన బొమ్మ ఎంచుకుని, అది ఎందుకు నచ్చిందో చెప్పాలి. ఎత్తుమడమల చెప్పులు తొడుక్కున్న బొమ్మని ఎవరో ఒకరు కనిపెట్టి తీరతారు. అక్కడి నుంచి మాట నాట్యంలోకి మళ్లుతుంది. ఈ శిల్పాలనీ, జాయప సేనాని రాసిన నృత్త రత్నావళి అనే నాట్యగ్రంథాన్నీ ఆధారం చేసుకుని నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టిన సంగతి చెప్తాను. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికని, పునాది గోతిని ఇసుకతో నింపారని చెప్పేసరికి కనీసం ఒక రిటైర్డ్ ఇంజనీరు లేచి ప్రశ్నలు మొదలుపెడతారు. 2021లో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అది చివర్లో చెప్తాను. ఆ గుర్తింపు ఎందుకు దక్కిందో అప్పటికి వాళ్లకే తెలిసిపోయి ఉంటుంది.

ఇదంతా రెండున్నర, మూడు గంటల పని, మధ్యలో కూర్చోవడాలతో కలిపి. ఆ తర్వాత ఇంకో గుడి చూపిస్తే బుర్రకెక్కదు.

ఒకసారి మా బ్యాచ్‌లో నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఒకాయన ఉన్నారు. గుడి దగ్గర పెద్దగా మాట్లాడలేదు. చెరువు కట్ట మీదికి వెళ్లగానే ఆయన మారిపోయారు. ఆ చెరువూ రేచర్ల రుద్రుడి కాలంలోదే, ఇప్పటికీ పొలాలకి నీళ్లిస్తోంది. గుట్టల మధ్య ఖాళీని మాత్రమే కట్టతో మూస్తే ఎంత మట్టి పని తగ్గుతుందో, తూము ఎక్కడ పెట్టాలో ఎలా నిర్ణయిస్తారో, అలుగు (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే దారి) లేకపోతే కట్టకి ఏమవుతుందో చేతికర్రతో మట్టిలో గీసి చూపించారు. అందరూ చుట్టూ మూగారు. ఆ పూట పాఠం చెప్పింది ఆయనే, నేను విన్నాను. పెద్దవాళ్ల గ్రూపుల్లో ఉన్న గొప్ప సౌకర్యం ఇది. బస్సులో కూర్చున్నవాళ్లలో ఒక నర్సు, ఒక పోస్ట్‌మాస్టర్, ఒక రైతు, ఒక తెలుగు పండితుడు ఉంటారు. నలభై ఏళ్లు ఒక పని చేసిన మనిషికి దాని గురించి అడిగేవాళ్లు దొరకడం చిన్న విషయం కాదు. మీ నాన్నగారు టీచరు కాబట్టి ఇంకా బాగా కలిసిపోతారు. నిర్వాహకుడు మైకు తన దగ్గరే పెట్టుకుంటాడా, పక్కవాళ్లకీ ఇస్తాడా అన్నది మాత్రం కనుక్కోండి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఫ్రాన్సులోని తులూజ్‌లో 1973లోనే పెద్దవాళ్ల కోసం ప్రత్యేకంగా యూనివర్సిటీ క్లాసులు మొదలుపెట్టారు. అమెరికాలో 1975లో మార్టీ నోల్టన్, డేవిడ్ బియాంకో కలిసి న్యూ హాంప్‌షైర్‌లో ఎల్డర్‌హాస్టల్ ప్రారంభించారు. వేసవి సెలవుల్లో ఖాళీగా ఉండే కాలేజీ హాస్టల్ గదుల్లో అరవై దాటినవాళ్లని ఉంచి, అక్కడి లెక్చరర్లతోనే పాఠాలు చెప్పించారు. పరీక్షల్లేవు, మార్కుల్లేవు. మీ చెల్లెలు చెప్పిన రోడ్ స్కాలర్ అదే సంస్థ, 2010లో పేరు మార్చుకుంది. దాని సంగతి కింద రాస్తాను.

ఇప్పుడు ఒంటి సంగతి. మీ అసలు టెన్షన్ ఇదే అనుకుంటున్నాను. గుండె, బీపీ, షుగర్ గురించి అందరూ అడుగుతారు. నేను చూసినంతలో టూర్లలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది నీళ్లు తాగకపోవడం. దారిలో బాత్రూమ్ ఎక్కడుంటుందో తెలియక పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు కూడా తాగరు. బీపీకి నీరు లాగే మాత్ర వేసుకునేవాళ్లు ఆ రోజు దాన్నీ మానేస్తారు. మధ్యాహ్నానికి తలనొప్పి, కళ్లు తిరగడం, రాత్రికి మూత్రంలో మంట. ఎవరికీ చెప్పరు. అందుకే నేను బస్సు బయలుదేరేముందే ఆ రోజు ఏ ఊళ్లో, ఎన్నింటికి, ఏ హోటల్లో బాత్రూమ్ కోసం ఆపుతామో చదివి వినిపిస్తాను. గంటన్నర మించి ఆపకుండా బస్సు నడవదు. ఆ మాట విన్నాకే వాటర్ బాటిళ్ల మూతలు తెరుచుకుంటాయి. మీరు ఫోన్ చేసినప్పుడు నిర్వాహకుణ్ని ఇదే అడగండి. "ఎక్కడో ఒకచోట ఆపుతాంలెండి" అన్నాడంటే ఆయన పెద్దవాళ్లతో ఎక్కువ తిరగలేదని అర్థం. వెస్ట్రన్ కమోడ్ ఉన్నవి ఏవేవో కూడా ఆయనకి తెలిసుండాలి.

రెండోది పాదాలు. గుళ్లో చెప్పులు విప్పక తప్పదు. పదకొండు దాటితే రాతిబండలు కాలిపోతుంటాయి. మామూలు మనిషైతే గబగబా నీడలోకి పరిగెడతారు. చాలాకాలంగా షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి ఆ వేడి తెలియదు. సాయంత్రం గదిలో చూసుకుంటే అరికాలు బొబ్బలెక్కి ఉంటుంది, అది మానడానికి వారాలు పడుతుంది. వాళ్లిద్దరిలో ఎవరికైనా షుగర్ ఉంటే మందపాటి కాటన్ మేజోళ్లు రెండు మూడు జతలు పెట్టండి. రోజూ రాత్రి ఒకరి పాదాలు ఒకరు చూసుకోమని చెప్పండి. ఇన్సులిన్ వాడేవాళ్లైతే అది చేతిసంచిలోనే ఉండాలి, బస్సు డిక్కీలో పెట్టిన పెట్టెలో కాదు. ఆ డిక్కీ పొయ్యిలా కాగుతుంది. భోజనం ఆలస్యమైతే తినడానికి ఏదో ఒకటి జేబులో ఉండాలి.

మెడనొప్పి గురించి ఎవరూ ఆలోచించరు. లేపాక్షి వీరభద్రస్వామి గుడి చిత్రాలన్నీ పైకప్పు మీదే. విజయనగర కాలం నాటి ఆ రంగులు, చీరల అంచులు, జడలు చూడాలంటే తల వెనక్కి వాల్చి నిలబడాలి. రెండు నిమిషాలకే కళ్లు తిరుగుతాయి, పట్టుకోడానికి ఏమీ ఉండదు. నేను ఒక్కొక్కరికీ గుండ్రటి చేతి అద్దం ఇస్తాను. బొడ్డు దగ్గర అద్దాన్ని ఆకాశం వైపు తిప్పి పట్టుకుని, తల వంచి అందులో చూడాలి. పైకప్పు మొత్తం అరచేతిలోకి వచ్చేస్తుంది. బొమ్మ కుడిఎడమలు తారుమారవుతుంది కానీ నష్టం లేదు. కుర్చీలో కూర్చుని కూడా చూడొచ్చు. కంటి ఆపరేషన్ చేయించుకున్న ఒక పెద్దావిడ అరగంటసేపు ఆ అద్దంలోంచి కళ్లు తిప్పలేదు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి బయటికొచ్చేసే గ్రూపులు మా పక్కనుంచి వరసగా వెళ్లిపోతూనే ఉన్నాయి.

చెవులు కూడా అంతే ముఖ్యం. బయట గాలిలో గైడు చెప్పేది వెనక నిలబడ్డవాళ్లకి వినపడదు. వినపడలేదని చెప్పడానికి మొహమాటపడి తలూపుతారు. గ్రూపు ఇరవై దాటకపోతే నయం. దాటితే చెవిలో పెట్టుకునే చిన్న రిసీవర్లు ఇస్తున్నారా అని అడగండి. అవేమీ లేకపోతే చెప్పాల్సిందంతా బస్సులోనే చెప్పి, దిగాక చూపించడం మాత్రమే చేసే గైడు కావాలి. బస్సు మెట్టు ఎత్తు కూడా చూడాలి. కింద వేయడానికి ఒక గట్టి పీట లేకుండా మేం ఎక్కడికీ కదలం.

మీరు అమ్మగారి గురించి ఒకే ఒక్క ముక్క రాశారు, "నాన్న ఎక్కడికంటే అక్కడికి వస్తుంది" అని. దయచేసి ఆవిడని విడిగా అడగండి. భర్త వెంట వచ్చి, మూడు రోజులూ చేతిసంచి పట్టుకుని నీడలో కూర్చునే అమ్మలని నేను చాలామందిని చూశాను. వాళ్లకి ఆసక్తి లేక కాదు. శాసనాలు, రాజవంశాలు తప్ప ఇంకేదీ షెడ్యూల్లో లేక.

అందుకే మొదటి ప్రయాణంగా భూదాన్ పోచంపల్లి అంటాను. హైదరాబాద్ నుంచి గంటన్నర దూరం, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంట్లో ఉంటారు, మెట్లు లేవు. నాన్నగారికి కావలసిన చరిత్ర అక్కడుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊళ్లో భూమి లేనివాళ్ల గురించి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. భూదానోద్యమం అక్కడే పుట్టింది. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా ఆరని రోజులవి కాబట్టి, ఆ నేపథ్యం తెలిసినవాళ్లు చెప్తే ఆ ఒక్క ఘట్టం చుట్టూనే రెండు గంటలు మాట్లాడుకోవచ్చు.

ఇక మగ్గం ఇళ్లు. నూలుకి ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ముడి విప్పి, మళ్లీ కట్టి, ఇంకో రంగులో ముంచి, అవన్నీ మగ్గం మీద చేరినప్పుడు డిజైన్ దానంతటదే కుదురుకోవడం దగ్గర కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. ఒక ఇంట్లో ఆసు పోయడం చూపిస్తారు. అర్ధచంద్రాకారంలో గుచ్చిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకి వేలసార్లు. ఈ పని తరతరాలుగా ఇంటి ఆడవాళ్లదే. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టి, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆ కథ చెప్పి, ముందు చేత్తో ఎలా చేసేవారో ఒకసారి చేసి చూడమంటాను. ఐదు నిమిషాలకే అందరి చేతులూ భుజం మీదికి పోతాయి. ఆ ఇంటావిడతో మా అమ్మలు మొదలుపెట్టే కబుర్లు ఆపడం మా వల్ల కాదు. కూలి ఎంత, కోడలు ఈ పని చేస్తానంటుందా, పిల్లలు ఏం చదువుతున్నారు, నొప్పికి ఏం రాస్తావు. ఏ లెక్చరూ అన్ని సంగతులు బయటికి తీయలేదు. అందుకే అక్కడ నేను నోరు మూసుకుని గడియారం కూడా చూడను.

ఒక్క రోజు ప్రయాణం కాబట్టి మీకూ పరీక్షగా పనికొస్తుంది. ఎంత దూరం నడవగలిగారు, ఎన్నింటికి నీరసపడ్డారు, కొత్తవాళ్లతో ఎలా ఉన్నారు, మర్నాడు ఎలా లేచారు. అది బాగుంటేనే రెండు రాత్రుల టూర్‌కి, ఆ తర్వాతే వారం రోజులకి వెళ్లనివ్వండి. సరాసరి పది రోజుల దూర ప్రయాణానికి డబ్బు కట్టించే కొడుకులూ కూతుళ్లూ చాలామంది. ప్రేమతోనే కడతారు. మూడో రోజుకే వెనక్కి వచ్చేస్తామని అమ్మ ఫోన్ చేస్తుంది.

రెండు రాత్రుల టూర్‌కి నాగార్జునకొండ బాగుంటుంది, అయితే జాగ్రత్తలు చెప్పేవాళ్లతోనే. సాగర్ నుంచి లాంచీలో ముప్పావు గంట, గంట ప్రయాణం. ఎక్కేచోట, దిగేచోట చెయ్యి పట్టుకునే మనుషులుండాలి. గాలి ఎక్కువైతే లాంచీ వేయరు. కాబట్టి షెడ్యూల్లో ఇంకో పూట ఖాళీ ఉంచారా అని అడగండి. శుక్రవారం అక్కడి మ్యూజియానికి సెలవు. వీకెండ్ కలిసొస్తుందని శుక్రవారం పెట్టేసే ఆపరేటర్లు ఉంటారు, తేదీ సరిచూసుకోండి. అక్కడ చెప్పాల్సింది సముద్రమంత ఉంది. 1926లో ఈ లోయలో ఇక్ష్వాకు రాజుల నాటి ఆనవాళ్లు బయటపడటం, డ్యామ్ కడితే అంతా మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పరుగుమీద తవ్వకాలు జరపడం, కొన్ని కట్టడాలని రాయి రాయి విప్పి కొండ మీదికీ, దగ్గర్లోని అనుపుకీ చేర్చడం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యామ్‌కి శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకి నీళ్లు వదిలారు. మా గ్రూపుల్లో ఈ కాలమంతా సొంతంగా గుర్తున్నవాళ్లు ఉంటారు. ఒకసారి ఒకాయన లాంచీలో లేచి, తన తండ్రి డ్యామ్ పనిలో రాళ్లు మోసిన సంగతి చెప్పారు. కాలువ నీళ్లతో బాగుపడ్డ ఊరి నుంచి వచ్చిన ఇంకొకాయన ఆయన చేతులు పట్టుకున్నారు. మునిగిన లోయ గురించీ, ఆ నీళ్లతో పండిన పొలాల గురించీ ఒకే లాంచీలో ఇద్దరూ మాట్లాడుకుంటుంటే నేను ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

వద్దనేవి కూడా చెప్పాలి. బెలుం గుహలు అద్భుతం. కానీ లోపల ఉక్క, మెట్లు, తడి నేల. ఆస్తమా ఉన్నవాళ్లకి, మోకాళ్లు బాగోలేనివాళ్లకి వద్దే వద్దు. గుంటుపల్లి బౌద్ధ గుహలకి మెట్లు ఎక్కాలి. నాన్నగారు ఎక్కగలిగితే అమ్మగారు కింద ఒంటరిగా కూర్చోవాల్సి వస్తుందేమో ముందే ఆలోచించుకోండి. మార్చి మధ్య నుంచి జూన్ దాకా రాతి కట్టడాల టూర్లు ఏవీ పెట్టుకోవద్దు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మొదటివారాల దాకా మంచిది. అందులోనూ కార్తీకమాసం సోమవారాలు, సంక్రాంతి వారం వదిలేయండి. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది. ఆ రోజుల్లో ములుగు రోడ్డు మీద బస్సు కదలదు, రామప్ప ఆ ముందూవెనకా వారాల్లో వద్దు.

రైలు టికెట్ల గురించి ఒక మాట, చాలామందికి తెలియక ఇబ్బంది పడతారు. సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, దాని మీద ఆశ పెట్టుకోకండి. లోయర్ బెర్త్ కోటా మాత్రం ఉంది. మగవాళ్లకి 60, ఆడవాళ్లకి 45 దాటితే చాలు. ఆ కోటా ఒక టికెట్ మీద ఒక్కరుగానీ ఇద్దరుగానీ ఉన్నప్పుడే పనిచేస్తుంది. గ్రూపంతటికీ ఆరుగురేసి కలిపి బుక్ చేసే ఆపరేటర్ల దగ్గర అందుకే పెద్దవాళ్లకి అప్పర్ బెర్తులు పడతాయి. మీ అమ్మానాన్నల టికెట్ ఇద్దరిదే విడిగా తీయమనండి, లేదా మీరే తీసివ్వండి.

ధర దగ్గరకొస్తే, తక్కువ ధర టూర్‌లో కోత ముందు పడేది చెప్పే మనిషి మీద. ఆయన స్థానంలో ప్రతి ఊళ్లో గేటు దగ్గర దొరికే గైడుని పెడతారు. వాళ్లలోనూ మంచివాళ్లున్నారు, కానీ నిన్న చూసినదానికీ ఇవాళ చూసేదానికీ ముడి వేసే మనిషి ఉండడు. రెండో కోత షాపింగ్ కోసం బస్సు ఆపే చోట్ల రూపంలో తెలుస్తుంది. ఒక ఆపరేటర్ టూర్‌లో మా బంధువులు మ్యూజియంలో కంటే ముత్యాల దుకాణంలో ఎక్కువసేపు కూర్చున్నారు. షెడ్యూల్లో "స్థానిక మార్కెట్" అని రోజూ కనిపిస్తే అనుమానించండి. చెప్పే వ్యక్తి పేరు అడగండి, ఆయనతో ఒక ఐదు నిమిషాలు నాన్నగారినే ఫోన్లో మాట్లాడనివ్వండి. ఆ ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఇంతకుముందు వెళ్లొచ్చినవాళ్లలో డెబ్బై దాటిన ఒకరి నంబర్ ఇప్పించమనండి, యాభై ఏళ్లవాళ్లది కాదు. దారిలో ఎవరికైనా బాగోకపోతే బస్సు ఆగుతుందా, వెంట ఎవరు ఆసుపత్రికి వెళ్తారు, మిగతావాళ్లని ఎవరు చూస్తారు అని కూడా అడగాలి. మా బస్సులో ప్రతి ఒక్కరి మందుల చిట్టా, బ్లడ్ గ్రూపు, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ఒక్కో కాగితం మీద రాసి నా దగ్గరొకటి, వాళ్ల జేబులో ఒకటి ఉంటుంది.

బయలుదేరేముందు చదువుకోవడానికి ఏమైనా ఇస్తారా అనేది నేను ప్రత్యేకంగా చూస్తాను. పెద్ద అక్షరాల్లో తెలుగులో నాలుగు పేజీలు చాలు. పదిరోజుల ముందే చేతికొస్తే నాన్నగారు దాని చుట్టూ తమ పాత పుస్తకాలు తీసి ప్రశ్నలు రాసుకుంటారు. టూర్ ఆ రోజు నుంచే మొదలైనట్టు. అలాగే రోజూ పొద్దున టిఫిన్ దగ్గర నిన్నటి సంగతులు ఒకరి తర్వాత ఒకరు చెప్పుకునే అలవాటు ఉంటే, విన్నది నిలబడుతుంది.

రోడ్ స్కాలర్ సంగతి. మీ వాళ్లు అమెరికా వెళ్లి ఆర్నెల్లు ఉండేటట్టయితే ఆలోచించదగ్గదే. లాభాపేక్ష లేని సంస్థ, పాఠం చెప్పేవాళ్లని బాగా ఎంచుకుంటారు, ప్రతి ప్రోగ్రామ్‌కీ ఎంత నడవాలి, ఎన్ని మెట్లు అన్నదాన్ని బట్టి స్థాయిలు రాసి పెడతారు. మన అంచనా కన్నా ఒక స్థాయి కింద తీసుకోమంటాను. వాళ్ల లెక్కలో తేలిక నడక అన్నది మనవాళ్లకి చాలా దూరం అనిపించొచ్చు. చెప్పేదంతా ఇంగ్లిష్‌లోనే. నాన్నగారు ఇంగ్లిష్ చదవగలరు సరే, అమెరికన్ యాసలో గంటసేపు వింటే అలసిపోరా, అమ్మగారి మాటేమిటి అని చూసుకోవాలి. శాకాహారం గురించి బుక్ చేసేముందే రాసి అడగాలి. నా సలహా, తాతలూ మనవలూ కలిసి వెళ్లే ప్రోగ్రాములు కూడా వాళ్లకున్నాయి, మీ చెల్లెలి పిల్లల్లో ఎవరైనా పదేళ్లు దాటి ఉంటే అది చూడండి. పిల్లాడు తాతకి యాస విడదీసి చెప్తాడు, తాత వాడికి ఇంకోటేదో చెప్తాడు. విజిటర్ ఇన్సూరెన్సులో పాత జబ్బులకి ఎంతవరకు వర్తిస్తుందో చిన్న అక్షరాల్లో ఉన్నది కూడా చదివాకే టికెట్ కొనండి.

ఎవరికి వద్దు? మతిమరుపు మొదలైనవాళ్లని తోడు లేకుండా పంపకండి. కొత్త గదిలో రాత్రిపూట బాత్రూమ్ దారి తెలియక భయపడిపోతారు. ఈమధ్యే స్టెంట్ వేయించుకున్నవాళ్లు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ సరేనన్నాకే. ఇంట్లో కూర్చుని విసిగిపోతున్నారని మీరు అనుకుని, వాళ్లకి ఇష్టం లేకుండా పంపించడం కూడా వద్దు.

మీ వాళ్లు ఏ ఊరి నుంచి బయలుదేరతారో, ఇద్దరిలో ఎవరికి షుగర్ ఉందో, ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కగలరో, అమ్మగారికి ఏది ఇష్టమో కనుక్కుని ఇక్కడే రాయండి. చీరలా, పాటలా, మొక్కలా, పక్షులా అన్నది ఆవిడ నోటితోనే చెప్పించండి. దాన్నిబట్టి ఈ చలికాలానికి ఏ చోటు, ఎన్ని రోజులు అన్నది చెప్తాను. ఈలోగా ఎవరి దగ్గరైనా షెడ్యూల్ తెప్పించుకుని ఉంటే అది కూడా పెట్టండి, ఎక్కడ కత్తిరించమనాలో గుర్తుపెట్టి ఇస్తాను.